ఆడబిడ్డ చెయ్యి

నాంపల్లి,
ఏప్రిల్ 7, 2025

చెల్లె జంగమ్మకు,

బాగున్నావా అని అడగను. అడిగేంత మంచితనం మన మధ్య మిగల్లేదు. ముందు నా కడుపులో ఉన్నది రాస్తాను. పని సంగతి తర్వాత.

మీ వదిన దవాఖానలో పడి ఉన్నప్పుడు నువ్వు వనపర్తి నుంచి వచ్చావు. అప్పటికే నువ్వు నర్సింగ్ హోంలో ఆయా పని చేస్తున్నావు. ముక్కూ మొహం తెలియని వాళ్ల ఒళ్లు కడుగుతున్నావు. మీ వదిన పక్క తడిపిన రోజు మాత్రం నువ్వు పరదా బయట చేతులు కట్టుకుని నిలబడ్డావు. లోపల వార్డు ఆయా కడిగింది. మందులు పట్టుకుని వస్తూ నా కళ్లతో చూశాను. జీతం ఇస్తే ఎవరినైనా కడిగే చెయ్యి సొంత వదినను ముట్టలేదు. ఆమె పోయాక దినాల నాడు అందరి ముందూ అన్నాను, "నీ గొంతు ఇంక నా చెవుల పడొద్దు" అని. పదకొండేళ్లయింది. ఆ మాట మీదనే ఉన్నాను. అందుకే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నాను. రాస్తే మాట తప్పినట్టు కాదు.

నా చదువు నీకు తెలుసు. స్టేషన్ పార్సిల్ ఆఫీసులో మూటలు మోసేటప్పుడు రాత్రి బడిలో పట్టుకున్న అక్షరాలు. తప్పులుంటే దిద్దుకుని చదువు.

ఇప్పుడు పని సంగతి. నీ మనవరాలు భవ్య ఆబిడ్స్‌లో కంప్యూటర్ కోర్సు అని నీకు చెప్పి నా గదికి వచ్చింది. అది కంప్యూటర్ కాదు. నర్సింగు కాలేజీ ఎంట్రెన్సు పరీక్షకు కోచింగు. పరీక్ష మే పద్దెనిమిదిన. నీకు చెప్పడానికి దానికి భయం. నాకు ఎవరి భయం లేదు కాబట్టి చెబుతున్నాను.

తల్లి లేని పిల్ల. తండ్రి ఉన్నా లేనట్టే. పెంచింది నువ్వు కాబట్టి ఒప్పుకోవాల్సిందీ నువ్వే. దాని ఇంటరు మెమో, టీసీ, కులం సర్టిఫికెట్ నీ పెట్టెలో ఉన్నాయట. సీటు వస్తే అసలు కాగితాలు చూపించాలట. నీ ఒప్పుదల రాసి పంపు.

బాలమల్లు


వనపర్తి,
ఏప్రిల్ 15

అన్నకు జంగమ్మ దండాలు.

నువ్వు అడగకపోయినా చెబుతున్నాను. మోకాళ్లు తప్ప అన్నీ బాగున్నాయి. నీ బీపీ గోళీలు మానకుండా వేసుకుంటున్నావని భవ్య చెప్పింది. సంతోషం.

వదిన సంగతి నన్ను అడగకు. అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. నువ్వు అన్న మాట మీద నువ్వున్నట్టే, నేను ఇచ్చిన మాట మీద నేనున్నాను.

భవ్య నాతో అబద్ధమాడింది. నువ్వు దానికి గది ఇచ్చావు. కంప్యూటర్ అంటే నా చెవికమ్మలు కుదువ పెట్టి పంపించాను. టీచరు చదువు చదవమన్నాను, బ్యాంకు పరీక్ష రాయమన్నాను, ఏమీ రాకపోతే ఇంట్లోనే ఉండమన్నాను. ఒక్క దవాఖాన పనికి మాత్రం పోవద్దన్నాను. నేను ముప్పై ఏళ్లు ఎత్తి పోసినవి మా ఇంటికి చాలు.

నర్సు వేరు, ఆయా వేరు అని నువ్వంటావు. రెండూ చూసినదాన్ని నేను. నైట్ డ్యూటీ దిగి బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చే సిస్టర్లకు నీళ్ల గ్లాసు అందించింది నేనే.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది, కోపం తెచ్చుకోకు. నేను ఏ పని చెయ్యలేదని నన్ను వెలేశావో, ఆ పనే నా మనవరాలితో జీవితమంతా చేయించాలని చూస్తున్నావు. నా మీది కసి పిల్ల మీద తీర్చుకుంటున్నావు.

కాగితాలు పెట్టెలోనే ఉంటాయి. తాళంచెవి నా కొంగుకే ఉంటుంది.

జంగమ్మ


నాంపల్లి,
ఏప్రిల్ 22

జంగమ్మకు,

కసి తీర్చుకోవాలంటే నీ మీదనే తీర్చుకుంటాను. పిల్లను మధ్యలో పెట్టుకునేంత చేతకానివాణ్ణి కాను. ఆ మాట మళ్లీ రాయకు.

ఇచ్చిన మాట అంటున్నావు. ఎవరికి ఇచ్చావు, ఏమని ఇచ్చావు? చెప్పడానికి ఏమీ లేనివాళ్లు అట్లాగే అంటారు.

పిల్ల ఎట్లా చదువుతున్నదో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. పొద్దున లేచి నా గంజి కాచి స్టేషన్ రోడ్డు పట్టుకుని ఆబిడ్స్ దాకా నడుస్తుంది. ఆటో ఎక్కమంటే ఎక్కదు. బట్టల దుకాణం మీద మూడో అంతస్తులో క్లాసు. ఫ్యాను ఉంది గాని సారు నెత్తి మీదనే తిరుగుతుందట. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ కూర్చుని ఏరి, బేరమాడి, కిందటేటి ప్రశ్నలు తెచ్చుకుంటుంది. ఎముకల పేర్లు నా ఒంటి మీద అప్పజెబుతుంది. నేను బీడీ కాలుస్తుంటే నా చెయ్యి లాక్కుని మోచేయి నుంచి మణికట్టు దాకా చదువుతుంది. నా ఒంట్లో ఇన్ని ఎముకలున్నట్టు మూటలు మోసినప్పుడు తెలియలేదు.

ప్రశ్నలు నేను చదవాలి, అది జవాబు చెప్పాలి. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంటే మొన్న ఏమన్నదో చూడు.

"తాతా, నువ్వు ప్రశ్న అయిపోగొట్టేలోపు పేషెంటు పాణం పోతది."

"పోతె పోనియ్. నా నోరు నడిచినట్టే నడుస్తది."

"గట్లయితె పరీక్ష హాల్ల నిన్ను పక్కన కూసోబెట్టుకుంట. టైం ఆగిపోతది."

పక్క గది బుచ్చిబాబు నవ్వలేక చచ్చాడు. ఆయన వాళ్ల నాన్న యాభై ఆరులో తెనాలి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఈయన నాంపల్లి కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాడు. "బాలమల్లు గారూ, మీ మనవరాలికి సీటు ఖాయమండీ, మీకే ట్యూషన్ పెట్టించాలి" అన్నాడు. ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నలు ఆయన చదువుతాడు.

ఇంత చదివే పిల్లను ఇంట్లో కూర్చోబెడతావా? నువ్వు ఏడ్చినవాళ్లను చూశావు. ఏడ్చి కూడా మళ్లీ డ్యూటీకి పోయినవాళ్లను చూడలేదా?

జవాబు రాయి.

బాలమల్లు


వనపర్తి,
మే 9

అన్నకు,

ఈసారి దండాలు పెట్టడం లేదు.

నిన్న భవ్యతో ఫోన్‌లో మాట్లాడుతుంటే వెనక నువ్వు మూలుగుతున్నావు. "ఏమైంది" అంటే "ఏం లేదు అమ్మమ్మా" అన్నది. గట్టిగా అడిగితే "తాతకు బెడ్‌ప్యాన్ పెట్టాలె, తర్వాత చేస్త" అని కట్ చేసింది.

నాకు అంతా తెలిసిపోయింది. నువ్వు మంచం పట్టావు. చూసేవాళ్లు లేరు. కోచింగు అని పిలిపించుకుని నా మనవరాలిని ఆయాగా పెట్టుకున్నావు. జీతం కూడా లేని ఆయాగా. పరీక్ష, కాలేజీ అని నాకు రాసినవన్నీ దాన్ని అక్కడ ఉంచుకోవడానికే. నేను కడగలేదని పదకొండేళ్లు నన్ను తిట్టి, చివరికి నా పిల్లతో కడిగించుకుంటున్నావు.

నేను ఏ రోజు ఏం ఎత్తానో దానికి చెప్పకుండా పెంచాను. నా డ్యూటీ చీర ఇంటికి కూడా తెచ్చేదాన్ని కాదు. నువ్వు రెండు నెలల్లో అంతా నేర్పించావు.

దాన్ని గౌలిగూడ బస్టాండులో వనపర్తి బస్సు ఎక్కించు. నీకు ఆయా కావాలంటే ఇక్కడ నుంచి ఎవరినైనా మాట్లాడి పంపిస్తాను. నా మనవరాలు మాత్రం వద్దు.

జంగమ్మ


నాంపల్లి,
మే 13

జంగమ్మకు,

పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతాయి.

పిల్ల వచ్చింది మార్చిలో. నేను పడ్డది మొన్న మొన్న. స్టేషన్ బ్రిడ్జి మెట్ల మీద ఎవడో చల్లిన నీళ్లలో కాలు జారింది. తొడ దాకా పట్టీ వేశారు. కదలొద్దన్నారు. నీకు రాయనిది ఎందుకంటే, రాస్తే పిల్లను తీసుకుపోతావని. అనుకున్నట్టే అడిగావు.

ఎవరు ఎవరిని ఆయాను చేశారో చెబుతాను, విను.

మొదట్లో బుచ్చిబాబు చూశాడు. ఆయన చేస్తే నాకు సిగ్గు లేదు. మగవాడు, దోస్తు. తర్వాత ఆయన చుట్టాల పెళ్లికి తెనాలి పోయాడు. అన్నం మాత్రం ఆయన భార్య పంపుతూనే ఉంది. మొదటి రోజే నాకు ఆగలేదు. పక్కంతా ఖరాబైంది. తలుపు గొళ్లెం పెట్టుకుందామంటే లేవలేను. భవ్య క్లాసు నుంచి వచ్చింది. గడపలో నిలబడి ఒక్కసారి చూసింది. సంచి పక్కన పెట్టి బకెట్లో నీళ్లు, పాత గుడ్డ తెచ్చింది. నేను అరిచాను.

"దగ్గరికి రాకు! నువ్వు ఆడబిడ్డ బిడ్డవు. రాఖీ నాడు మీ కాళ్లు మొక్కెటోళ్లం మేము. గిసువంటి దాంట్ల నీ చెయ్యి పడితె నాకు పాపం."

"తాతా, గా పాపం నేను రేపటి సంది జీతానికి చేస్త. గిప్పుడు ఫుకట్ల చేస్తున్న. జర పక్కకు ఒరుగు."

"ఒరగ."

"ఒరగకుంటె పుండు పడ్తది. పుండుకు నీ కోపమంటె భయమేం ఉండది."

"నోరు బాగ లేసింది నీకు."

"మీ చెల్లె పెంపకం."

నన్ను గోడ వైపు తిప్పింది. మీద దుప్పటి కప్పి, దుప్పటి కిందనే చెయ్యి పెట్టి కడిగింది. నా ఒళ్లు బయటపడలేదు. గోడ చూస్తూ అడిగాను, ఇది మీ కోచింగులో చెప్పారా అని. లేదన్నది. చిన్నప్పుడు బడి లేని రోజు నువ్వు దాన్ని నర్సింగ్ హోంకు తీసుకుపోయేదానివట. మూలన కూర్చోబెట్టి బిస్కెట్ పొట్లం ఇచ్చేదానివట. బిస్కెట్ తింటూ నువ్వు ముసలివాళ్లను దుప్పటి కింద ఎట్లా కడుగుతావో చూసేదట. నువ్వు చెప్పకుండా పెంచానని రాశావు. పిల్ల కళ్లు మూసి పెంచలేదు కదా.

పరీక్ష ఇంకా అయిదు రోజులే ఉంది. బస్సు ఎక్కించను. నువ్వు పోలీసులను తెచ్చుకున్నా ఎక్కించను. పరీక్ష రాయనీ, తర్వాత తిట్టు.

బాలమల్లు


వనపర్తి,
మే 22

అన్నకు జంగమ్మ దండాలు.

పరీక్ష బాగా రాశానని భవ్య చెప్పింది. బుచ్చిబాబు గారు తెనాలి నుంచి ముందు రోజే వచ్చి సెంటరు దాకా తీసుకుపోయారని, బయట ఎండలో గొడుగు వేసుకుని కూర్చున్నారని చెప్పింది. ఆయనకు నా నమస్కారాలు చెప్పు.

నీ ఉత్తరం చదివాను. నువ్వు భవ్యతో అన్న మాట నాకు కొత్త కాదు. సరిగ్గా ఆ మాటే నేను ఒకసారి విన్నాను. ఇన్నేళ్లు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. నీ నోటితో నువ్వే అన్నాక దాచడంలో అర్థం లేదు. వదిన కూడా ఏమీ అనుకోదు.

ఆ రోజు నేను కొంగు బిగించి మంచం దగ్గరికి పోయాను. వదిన నా చెయ్యి పట్టి తోసేసింది. ఒంట్లో బలం లేని మనిషి, ఎక్కడి నుంచి వచ్చిందో అంత బలం.

"జంగమ్మా, నువ్వు మా ఇంటి ఆడబిడ్డవు. నువ్వు పుట్టింటికొస్తె ఒడిబియ్యం పోసి తోలియ్యాలె గని నీతోని గిది ఎత్తిపియ్యాల్నా? పైకి పోయినంక మీ అమ్మకు ఏం మొకం చూపియ్యాలె నేను?"

"వదినా, నేను దినాం చేసే పనే గద."

"బయటోళ్లకు చేస్తవు. నాకు చెయ్యకు. మీ అన్నకు చెప్పకు. తెలిస్తె నన్ను తిట్టి మరీ నీతోని చేపిస్తడు. ఒట్టు పెట్టు."

ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. వార్డు ఆయాను పిలిచాను. పరదా బయట నిలబడి "ఎడమ పక్కకు తిప్పమ్మా, వీపు చూడమ్మా, మెల్లగ" అని చెబుతూ ఉన్నాను. చేతులు కట్టుకున్నానని రాశావు కదా. నిజమే. వదిలేస్తే లోపలికి పోతాయని కట్టుకున్నాను.

అది అయిపోయింది. నిన్ను ఏడిపించడానికి రాయలేదు. ఇప్పుడు భవ్య సంగతి.

నేను ఎందుకు వద్దంటున్నానో కూడా రాస్తాను. మీ బావ నా జీతం తీసుకున్నాడు గాని నా చేతి అన్నం తినలేదు. ఎప్పుడూ తినలేదు. ముందు మా అత్త వండింది. ఆమె పోయాక నా బిడ్డ చిన్న వయసులోనే పొయ్యి ముందు కూర్చుంది. అదే బిడ్డ పెళ్లిలో తలంబ్రాల బియ్యానికి పసుపు కలుపుదామని చెయ్యి చాపితే ఎవరో పళ్లెం పక్కకు జరిపారు. ఏమీ అనలేదు. ఊరికే జరిపారు. సబ్బుతో ఎంత కడిగినా, జనం కళ్లకు నా చెయ్యి ఆ చెయ్యే. తెల్ల డ్రెస్సు వేసుకుంటే దవాఖానలో సిస్టర్ అంటారు. ఇంటికి వస్తే ఏమంటారో నాకు తెలుసు. భవ్య ముందు పళ్లెం జరపడం నేను చూడలేను.

అందుకే నిన్ను ఒకటి అడుగుతున్నాను. ఆ రోజు అది నిన్ను కడిగింది. ఆ చేత్తో వండి పెడితే తిన్నావా, లేక బుచ్చిబాబు గారి ఇంటి నుంచి వచ్చిందే తిన్నావా? అన్నా, అబద్ధం రాయకు. నీ జవాబును బట్టి పెట్టె తాళం సంగతి చూస్తాను.

నీ చెల్లె
జంగమ్మ


నాంపల్లి,
జూన్ 3

చెల్లె జంగమ్మకు అన్న బాలమల్లు రాస్తున్నది.

మీ వదిన సంగతి చదివాను. మళ్లీ చదివాను. ఆమె నా నుంచి దాచింది అదొక్కటే అనుకుంటాను. అట్లాంటి మనిషే ఆమె. ఆ విషయం మీద ఇంక రాయలేను.

నువ్వు అడిగినదానికి నిజమే రాస్తాను. తినలేదు.

ఆ రోజు బుచ్చిబాబు ఇంటి నుంచి సాంబారన్నం వచ్చింది, అది తిన్నాను. మర్నాడు కూడా అదే. భవ్య వండుకున్నది. "తింటవా తాతా" అన్నది. "ఆకలి లేదు" అన్నాను. సాంబారు గిన్నె ఖాళీగా పక్కనే ఉంది. అది చూసింది. తన కంచం తను కడుక్కుని పుస్తకం పట్టుకుంది. పరీక్ష అయ్యాక కూడా అట్లాగే నడిచింది. నన్ను మాత్రం రోజూ కడిగింది. నేను దానికి పళ్లెం జరిపినట్టే జరిపానని నీ ఉత్తరం చదివేదాకా నాకు తోచలేదు.

నీ ఉత్తరం వచ్చిన పూట పిల్లను పిలిచాను.

"ఏం వండినవే?"

"ఏం వండితె నీకెందుకు? నీకు బుచ్చిబాబు తాత ఇంట్లకెల్లి వస్తది గద."

"అడిగినదానికి చెప్పు."

"పచ్చిపులుసు. పప్పు."

"తే."

గిన్నెలు తెచ్చింది. నా ముందు కంచం పెట్టింది.

"కంచం నీ ముందల పెట్టుకో. కలిపి నా నోట్ల పెట్టు."

అది నా మొహం చూసింది. లేచి పోబోయింది.

"ఏడికి?"

"చేతులు కడుక్కొస్త."

"నీ చేతులకు ఏమైంది? మంచిగనే ఉన్నయి."

"అన్నం కలిపేముందర ఎవ్వలైనా కడుక్కుంటరు తాతా. నువ్వు గూడ కడుక్కోవాలె. ఏది, చెయ్యి చాపు."

ముందు నా చేతులు కడిగి, తర్వాత తనవి కడుక్కుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టింది. పులుసులో ఉప్పు తక్కువైంది. తక్కువైందని చెప్పాను. "బీపీ ఉన్నోనికి గంతే" అన్నది. మొత్తం తిన్నాను. తింటుంటే బుచ్చిబాబు భార్య గిన్నె పట్టుకుని వచ్చింది. ఇవాళ్టి నుంచి వద్దమ్మా, మా ఇంట్లో వండుతున్నారని చెప్పాను. ఆమె పోయాక భవ్య గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. నేను చూడనట్టే ఉన్నాను.

జనం పళ్లెం జరుపుతారు. నిజమే. నేను వాళ్లందరినీ ఆపలేను. నా కంచం నేను జరపను. అంతవరకు నా చేతిలో ఉంది.

ఇక రిజల్టు. నిన్న వచ్చింది. బుచ్చిబాబు ఫోన్‌లో చూసి నంబరు గట్టిగా చదివాడు. ర్యాంకు మంచిదట. ఆ ర్యాంకుకు సర్కారు కాలేజీలో సీటు వస్తుందని కోచింగు సారు కూడా అన్నాడట. కాగితాలు చూసేది జూన్ పదిహేడు, మంగళవారం. అసలువే కావాలి. ఆ రోజు అసలువి లేకపోతే సీటు వెనక ఉన్నవాళ్లకు పోతుంది. పిల్ల నీకు ఫోన్ చేసి అడగదు. "అమ్మమ్మ ఇస్తె ఇస్తది, లేకుంటె వనపర్తి పోయి ఆమె దగ్గర్నే ఉంట" అంటున్నది. ఆ మాట అని పుస్తకాలన్నీ కట్ట కట్టి మంచం కిందికి తోసింది. నాకు ఆ కట్ట చూడబుద్ధి కావడం లేదు.

కాగితాలు పోస్టులో పంపకు. నువ్వే పట్టుకుని రా. ముందు రోజే రా. గౌలిగూడలో దిగు, బుచ్చిబాబు ఆటో తెస్తాడు. నేను ఇంకా కర్ర పట్టుకునే నిలబడుతున్నాను కాబట్టి రాలేను. ఒకే గదిలో ఉండి మాట్లాడకుండా ఎట్లా గడపాలో వచ్చినాక నువ్వే చూసుకో, నా వల్ల కాదు.

నీ చేతి వంట నేను తిన్నది మన అమ్మ బతికున్నప్పుడు. తర్వాత నువ్వు మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా మీ వదిన నిన్ను పొయ్యి దగ్గరికి రానియ్యలేదు. ఆడబిడ్డను కూర్చోబెట్టి పెట్టాలని ఆమె పట్టు. ఈసారి నిన్ను ఎవరూ కూర్చోబెట్టరు. పొయ్యి నీది. నువ్వు వండు. నేను, భవ్య కింద కూర్చుని తింటాం. బుచ్చిబాబును, వాళ్లావిడను కూడా పిలుస్తాను. వాళ్లు కూడా తినాలి. ఉప్పు సరిగ్గా వెయ్యి.

వచ్చి వండుతావా లేదా, పదో తారీఖు మంగళవారం లోపల నాకు రాయి.

నీ అన్న
బాలమల్లు